ఆక్సిజన్ మండదన్న బీఎస్సీ

పుంగనూరు రోడ్డులో టమాటా గుజ్జు తీసే ఫ్యాక్టరీ. అక్కడి ఇనప ట్యాంకుకు అతుకులు వేయమని నన్ను పిలిచినారు. ఇరవై ఏండ్లుగా వెల్డింగే నా బతుకు. అట్లాంటి మేనేజర్ని చూడడం మాత్రం అదే మొదలు. కుప్పంలో ఏదో పని వెలగబెట్టి వచ్చినాడంట. మాటకు ముందొకసారి, వెనకొకసారి తాను బీఎస్సీ అని చెప్పుకునేవాడు.

ట్యాంకులోకి దిగేదానికి పైన ఒక్క మూతే దారి. ముందురోజు లోపలి పాత రంగును థిన్నరు పోసి గీకించినారు. గీకిన కూలామె, సదుం ఊరి ఆయమ్మ, మూత పక్కనే కూచోనుండాది, కండ్లు ఎర్రగా.

"లోపలికి పోవద్దప్పా. నాకింకా తల తిరగతానే ఉండాది."

"పని ఎగ్గొట్టేవాళ్లకు ఎప్పుడూ తలే తిరుగుతాది," అన్నాడు మేనేజరు.

నేను గాలి కొట్టే బ్లోయరు, గ్యాసు చూసే మీటరు అడిగినాను. ఆయన నవ్వినాడు. "ఊపిరాడదు, అంతే గదా?" అని, కటింగుకు నేను తెచ్చుకున్న ఆక్సిజన్ గొట్టాన్ని ట్యాంకులోకి జారవిడిచి సిలిండరు వాల్వు తిప్పేసినాడు. పరిగెత్తి వాల్వు కట్టేసినాను.

"ఆస్పత్రిలో రోగులకిచ్చేదే గదా! ఆక్సిజన్ మండదయ్యా. నేను బీఎస్సీ."

"అది మండదు సార్, మమ్మల్ని మండిస్తాది. థిన్నరు ఆవిరికి అది తోడైతే ఒక్క నిప్పురవ్వ చాలు. ఒంటిమీది బట్టలు దూది మాదిరి అంటుకుంటాయి."

"ఇంత భయమున్నోడివి ఈ పనికి యాల వచ్చినావు?"

నా సిలిండర్లు ఆటోలో ఎక్కించినాను. ఆయన ఇంకో వెల్డరుకు ఫోను కలిపినాడు. ఆయమ్మ లేచి, మూత దభీమని వేసి, దానిమీదే కూచునింది.

"ఎవుర్నన్నా పిలుసుకో సార్. నేను లేస్తే గదా వాడు దిగేది."

పనోళ్లంతా, ఆటో ఆపి నేనూ, ఆమె చుట్టూ చేరినాము. ఇంక గతిలేక మదనపల్లె నుంచి బ్లోయరు, మీటరు తెప్పించినాడు. మీటరును తాడుకు కట్టి దించంగానే కుయ్యోమని అరిచింది. బీఎస్సీ గారు గేటు దగ్గర తేలినారు. అంత చదువుకు అంత పరుగుంటుందని అప్పుడే తెలిసింది నాకు.

రెండు దినాలు గాలి కొట్టించి, మీటరు అరుపు మానినాకనే దిగినాను. పనైనంతసేపూ ఆయమ్మ పైనుంచి "అప్పా, బాగుండావా?" అని పిలుస్తానే ఉన్నింది. ముసుగు చాటున నా కండ్లు తడిసినాయి.

తర్వాత భద్రతా వారోత్సవమని సభ పెట్టి మేనేజరుకు శాలువా కప్పినారు. మీటరును తలకిందులుగా పట్టుకుని ఫోటో దిగినాడు మహానుభావుడు. ఆయమ్మకు ఆ పొద్దు కుర్చీలు తుడిచే పని చెప్పినారు.