ఆంథోనీ అన్న రైలుకు నేను కొట్టిన బెల్లు

మా పక్కింటి ఆంథోనీ అన్న కేజీఎఫ్ బంగారు గనిలో మనుషుల్ని దించే, ఎత్తే యంత్రం నడిపినాయన. ఇప్పుడు హాల్లో బల్ల మీద బొమ్మ రైలు నడుపుతున్నాడు. పాలపొడి డబ్బా రేకు కత్తిరించి, మూడు నెలలు కూర్చుని ఇంజను చేసుకున్నాడు. పట్టాల మీద కొంచెం దుమ్ము పడినా అది కదలదు.

ఈ రోజు మధ్యాహ్నం మలుపు దగ్గర ఒక పట్టా ఊడదీసి, స్పిరిట్ గుడ్డ నా చేతికిచ్చాడు. తుడిచి, బిగించాక, రైలు వదలొచ్చని గుర్తుగా బల్లకున్న సైకిల్ బెల్లు రెండుసార్లు కొట్టమన్నాడు. నా కొంటె బుద్ధి మీకు తెలుసు కదా! ఆయన కంగారు చూద్దామని, పట్టా ఇంకా చేతిలో ఉండగానే కొట్టేశాను. ఆయన తలెత్తకుండానే స్విచ్ తిప్పాడు. రైలు నేరుగా వచ్చి, బల్ల అంచు దాటి నేల మీద పడింది. ఇంజను రెండు ముక్కలైంది.

"తమాషాకి కొట్టినాను అన్నా! నువ్వు చూసుకోవద్దా?" అన్నాను.

"బెల్లు పడినాంక చూసేదేముండాదప్పా? గనిలో కిందుండేవాళ్ళు నాకు కనపడతా ఉండిరా? బెల్లు కొట్టినోణ్ణి నమ్మే కదా అన్నేండ్లూ తిప్పినాను."

తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలని, ఇంటికొచ్చి హాయిగా తినేవాణ్ణి. ముక్కలు ఏరి తువ్వాల్లో కట్టుకున్నాడు. ఎప్పుడూ కాఫీ తాగి పొమ్మనే మనిషి, ఈ రోజు ఆ మాటా అనలేదు.

వీధి వీధంతా ఏడిపించినవాణ్ణి, తప్పయిందని చెప్పడం మాత్రం నేర్చుకోలేదు. రేపు పొద్దున ఆయన తలుపు తట్టి మొదటి మాట ఏమనాలో తెలిసినవాళ్ళు కింద రాయండప్పా. తమాషాకి మాత్రం రాయొద్దు.