ఇంటికి ఎవరైనా వస్తే మోగని బాయిలర్

2000 సంవత్సరం, జూలై నెల. ఆస్ట్రేలియాలో అది నడి చలికాలం. అడిలైడ్ పక్కన కొండల మీద ఇళ్ళకు హీటింగ్ బాయిలర్లు బాగుచేసే చిన్న కంపెనీలో నేను మెకానిక్‌ని. నా చదువు ఏడో తరగతితో ఆగింది. బాయిలర్ మాత్రం చిన్నప్పటి నుంచీ తెలుసు. నెల్లూరులో మా నాన్న ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ మనిషి, ఆయన తర్వాత నేను.

ఇంటి బాయిలర్ సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. గ్యాస్ మంట మీద నీళ్ళు కాగుతాయి. పంపు ఆ నీళ్ళను గొట్టాల్లో తిప్పి, ప్రతి గదిలోనూ గోడకు ఉండే రేడియేటర్ అనే ఇనుప పలకలోకి పంపుతుంది. చల్లారిన నీళ్ళు మళ్ళీ బాయిలర్‌కు వస్తాయి. ప్రతి రేడియేటర్‌కూ కుళాయి లాంటి వాల్వ్ ఒకటి ఉంటుంది.

ఆ రోజు నేను వెళ్ళింది సుధాకర్ గారి అద్దె ఇంటికి. ఆయన అడిలైడ్ శివార్లలోని మాసన్ లేక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. భార్య లలిత బాలింత. పాప నెలలు నిండకుండా పుట్టింది, బరువు తక్కువ. ఇల్లు వెచ్చగా ఉంచమని ఆసుపత్రిలో మరీ మరీ చెప్పి పంపారు. బాయిలరేమో రోజూ డబ్బాలో రాళ్ళు పోసి కుదిపినట్టు మోత పెడుతోందట. మోత రాగానే పేలుతుందేమోనని ఆపేస్తున్నారు. ఆపితే పాప కాళ్ళు చల్లబడుతున్నాయి. అప్పటికే ఇద్దరు మెకానిక్‌లు వచ్చి, ఏ చప్పుడూ వినపడక వెళ్ళిపోయారు. ఈ రోజు కూడా తేలకపోతే పాపను తీసుకుని స్నేహితుల ఇంటికి వెళ్ళిపోదామనుకుంటున్నారు.

తలుపు తీసింది లలిత తల్లి సత్యవతి గారు. కూతురి పురిటికని తెనాలి నుంచి వచ్చారు.

“మన తెలుగువాడివా నాయనా! రా, రా. మా అల్లుడు లోకంలో కంప్యూటర్లన్నీ ఆగిపోకుండా నిలబెట్టాడట. ఇంట్లో ఈ కుంపటి మాత్రం ఆయన మాట వినదు.”

“అత్తయ్యా, వై టూ కే వేరు, ఇది వేరు,” అని నవ్వాడు సుధాకర్. “మస్తాన్ గారూ, ఇది రోజూ అరుస్తుందండీ, ప్రామిస్. మెకానిక్ వస్తే మాత్రం సైలెంట్.”

నిజమే, బాయిలర్ బుద్ధిమంతుడిలా నడుస్తోంది. కెటిల్ మరిగినట్టు వచ్చే మోతను మా పనిలో కెట్లింగ్ అంటారు. మామూలుగా లోపల సున్నపు పొర పేరుకుంటే వస్తుంది. కానీ పొరే అయితే మనిషిని చూసి ఊరుకోదు. రేడియేటర్లలో గాలి చూశాను, లేదు. స్క్రూడ్రైవర్ కొన పంపు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. నున్నగా తిరుగుతోంది.

గదులు చూద్దామని బయలుదేరాను. పాప గది వెచ్చగా ఉంది. మధ్య గదిలో రేడియేటర్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది, దాని పక్కనే మంచం మీద దుప్పటి మాత్రం మంచులా ఉంది. వెనక గదీ అంతే. పొద్దుటి నుంచీ వేడి పారిన గది అలా ఉండదు.

“అమ్మా, ఈ గదుల్లో వాల్వులు ఎవరు తిప్పారు?”

“నేనే. నీ వ్యాన్ వచ్చి ఆగగానే అన్నీ తెరిచాను. ఇంటికొచ్చిన మనిషి వణుక్కుంటూ పనిచేస్తాడా?”

“మరి ఎవరూ రానప్పుడు?”

“మనిషి లేని గదికి వేడెందుకు నాయనా? కట్టేస్తాను. గదిలోంచి బయటికొస్తే ఫ్యాన్ కట్టెయ్యమూ!”

“అన్నీనా అత్తయ్యా?” అన్నాడు సుధాకర్.

“పాపది తప్ప అన్నీ. దండగ కదా!”

“అయితే అమ్మా, నేను రాలేదనుకుని రోజూ చేసేదే చేయండి,” అన్నాను.

ఆవిడ గదిగదికీ వెళ్ళి ఫ్యాన్లు ఆపినంత సులువుగా వాల్వులు కట్టేసి వచ్చారు. కాసేపటికి బాయిలర్ గుర్రుమంది. తర్వాత రాళ్ళ మోత. లలిత పాపను ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తింది. “అదే! అదే!” అని సుధాకర్ భయం మరిచిపోయి కేకలు పెట్టాడు. నేను రెండు వాల్వులు తెరిచాను. మోత సద్దుమణిగింది, లలిత పాపతో లోపలికి వచ్చింది.

“పాప గదిది తప్ప దారులన్నీ మూసేస్తే, ఆ ఒక్కటీ చాలక నీళ్ళు మంట మీదే నిలబడి మరుగుతున్నాయి. జబ్బు బాయిలర్‌ది కాదు,” అన్నాను. వేడి మితిమీరితే తనంతట తానే ఆగే ఏర్పాటు కూడా పరీక్షించి చూపించాను, పాప తల్లికి ధైర్యం రావాలి కదా. నడవాలో, బాత్రూమ్‌లో ఉన్న వాల్వులు పూర్తిగా తెరిచి, వాటి పిడులు ఊడదీసి మూతలు బిగించాను.

“పిడి లేకపోతే ఎట్లా తిప్పను?”

“తిప్పకూడదనే తీశానమ్మా.”

“అమ్మ దొంగా! మా అల్లుడికి ఇన్నాళ్ళూ ఈ ఉపాయం తట్టలేదు, నా నోరు మూయించడానికి!”

మిగతావన్నీ ఆవిడ ఇష్టప్రకారమే కట్టించి, టీ తాగుతూ కూర్చున్నాను. బాయిలర్ కిక్కురుమనలేదు. లలిత వచ్చి పాప పాదాలు తాకి చూసి, “వెచ్చగానే ఉన్నాయమ్మా,” అంది. వాళ్ళు ఆ సాయంత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

ఆ తర్వాత మా కంపెనీలో చప్పుడు కేసంటే నాకే ఇచ్చేవారు. పెద్ద పెద్ద బిల్డింగుల బాయిలర్లు చూశాను గానీ, గర్వంగా చెప్పుకునేది ఆ ఇంటి సంగతే. యంత్రాన్ని వినడం మా నాన్న నేర్పాడు. దాంతో బతికేవాళ్ళను వినడం సత్యవతి గారి దగ్గర నేర్చుకున్నాను. మెకానిక్ వస్తున్నాడంటే ఎవరైనా ఇల్లు సర్దుతారు, ఆ సర్దడంలో అసలు సంగతి కూడా లోపలికి పోతుంది. అందుకే ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా ముందు వంటింట్లో కూర్చుని, నిన్న ఈ వేళకు ఇంట్లో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు అని అడుగుతాను. బాయిలర్ దగ్గరికి ఆ తర్వాతే వెళ్తాను.