వదిన బెల్టు పెట్టుకుంది

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, మూడు మాటలు. కానీ పొద్దున లేచి పాలు స్టవ్ మీద పెట్టేసరికి అది నాకంటే ముందే లేచి కూర్చునేది. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. ఒక్కసారి మొదటినుంచి, నన్ను నేను వెనకేసుకురాకుండా చెప్పుకోవాలని ఉంది. కాస్త వినండి.

వదిన అంటే మా ఆయన అక్క. వాళ్ళది మగ్గాల కుటుంబం. తల్లి పోయేనాటికి మా ఆయనకి ఆరేళ్ళు, వదినకి పదహారు. తమ్ముణ్ణి ఆవిడే పెంచింది. పెళ్ళయ్యాక కూడా వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది. భర్తతో కలిసి గవర్నర్‌పేటలో చేనేత చీరల కొట్టు పెట్టింది, ఆయన పోయాక ఒక్కతే నడిపింది. నన్ను చూసి "ఈ అమ్మాయే" అన్నదీ ఆవిడే. పెళ్ళైన కొత్తలో నాకు టైఫాయిడ్ వస్తే కొట్టు వదిలేసి వచ్చి రెండు వారాలు భవానీపురంలో మా ఇంట్లోనే ఉండిపోయింది. రోజూ నా జుట్టు చిక్కు తీసేది. కుదుళ్ళ దగ్గర గట్టిగా పట్టుకుని, నొప్పి తెలియకుండా, కింద నుంచి కొంచెం కొంచెంగా దువ్వేది. మా అమ్మ కూడా నాకు అంత ఓపిగ్గా దువ్వలేదు.

ఆవిడ చేతులు అప్పుడు చూసి ఉండాల్సింది మీరు. చీర మడత విప్పి రెండు చేతులతో ఒక్కసారి విదిలిస్తే అది ఎదుటి మనిషి ఒళ్ళోకి నిదానంగా వచ్చి వాలేది. కొనడానికి రానివాళ్ళు కూడా చూస్తూ నిలబడేవాళ్ళు.

ఇక జీపు. అది మా ఆయన సరదా. పాత జీపు కొని, పైన లావుపాటి ఇనప గొట్టాలతో చట్రం కట్టించారు. రోల్ బార్ అంటారు దాన్ని. బండి బోల్తాపడినా లోపలి మనుషులు నలగకుండా కాసేది అదే. ఆదివారం పొద్దున్నే పది పన్నెండు బళ్ళు ఇబ్రహీంపట్నం అవతల, పని ఆపేసిన ఒక కంకర క్వారీ దగ్గర చేరేవి. గుట్టలెక్కడం, గుంటల్లో దిగడం, బురదలో కూరుకుపోయిన వాళ్ళని తాడేసి లాగడం, ఎండెక్కాక ఇంటినుంచి తెచ్చుకున్న ఇడ్లీలు తినడం. ఇదీ మా ఆట. మూర్తిగారని రిటైరైన ఇంజనీరు ఒకాయన మాకు పెద్దదిక్కు. హెల్మెట్టు, బెల్టు లేకుండా ఎవర్నీ కదలనిచ్చేవారు కాదు. "రోల్ బారు గొడుగండీ. గొడుగు కింద మనిషిని ఉంచేది బెల్టు. అది లేకపోతే ఆ గొట్టమే వచ్చి మీద పడుతుంది," అనేవారు.

నేను బాగా నడిపేదాన్ని. మా ఆయన కంటే బాగా. ఆ మాట నలుగురూ అంటుంటే నాకు ఎంత ఇష్టంగా ఉండేదో ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషిని, ఇంట్లో ఒకమాట గట్టిగా అనని మనిషిని, ఆ స్టీరింగ్ పట్టుకుంటే వేరే మనిషినయ్యేదాన్ని.

ఒక ఆదివారం జీపు బురదనీళ్ళలో సగందాకా మునిగింది. ఆ తర్వాత ఎడమ సీటు బెల్టు లాక్ పాడైంది. మట్టి పట్టిందో, లోపల స్ప్రింగ్ పోయిందో. పెడితే టక్కుమనేది. పడినట్టే ఉండేది. గట్టిగా లాగితే ఊడి చేతిలోకి వచ్చేది. మా ఆయన కొత్త బెల్టు తెచ్చి నాకిచ్చారు. ఆయన పనిమీద వారం రోజులు వైజాగ్ వెళ్తున్నారు. "ఆటోనగర్‌లో ఇచ్చి మార్పించు. మార్చేదాకా ఆ సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టకు," అని చెప్పి మరీ వెళ్ళారు.

మార్పించలేదు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను, రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకున్నాను. అట్టపెట్టె బీరువా మీదే ఉండిపోయింది. శనివారం ఆయన ఫోన్ చేసి "బెల్టు మార్పించావా?" అని అడిగారు. లేదని చెప్తే రేపు క్వారీకి వెళ్ళొద్దంటారు. "ఆ, మార్పించానండీ," అన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నాను? ఆ నిమిషంలో నాకది అబద్ధంలా కూడా అనిపించలేదు. సోమవారం చేయించేస్తాను కదా, అప్పుడు నిజమైపోతుంది కదా అనుకున్నాను.

ఆదివారం, అప్పటికి పదేళ్ళున్న మా అమ్మాయిని పక్కింట్లో వదిలి, ఒక్కదాన్నే వెళ్దామనుకున్నాను. ఇది మాత్రం నిజం. బయల్దేరుతుంటే వదిన ఫోన్ చేసింది. "ఇవాళ కొట్టు సెలవు. నన్నూ ఎక్కించుకో అమ్మాయీ, నీ ప్రతాపమేంటో చూస్తా," అంది. వద్దనడానికి కారణం చెప్పాలి. చెప్పలేదు.

క్వారీ దగ్గర ఆవిడ హెల్మెట్టు పెట్టుకుని, చీర కొంగు బిగించి దోపుకుని, చిన్నపిల్లలా నవ్వుతూ ఎడమ సీట్లో కూర్చుంది. బెల్టు తీసి తనే పెట్టుకుంది. టక్కుమంది. ఆ చప్పుడు నేను విన్నాను. లాగి చూడాలని నాకు తెలుసు. లాగితే ఊడుతుందనీ తెలుసు. ఊడితే ఆవిణ్ణి దించేయాలి. మూర్తిగారు దూరం నుంచి బొటనవేలెత్తి చూపించారు. నేను గేరు వేశాను.

జీపు బోల్తాపడింది పెద్ద వేగంలో కాదు. మనిషి నడిచేదానికంటే కొంచెం ఎక్కువ, అంతే. గుట్టని అడ్డంగా దాటకూడదు, నిటారుగా ఎక్కాలి, నిటారుగా దిగాలి. మొదటిరోజు నేర్పే పాఠం అది. దగ్గరి దారి కదా అని నేను అడ్డంగా వెళ్ళాను. రాత్రి వానకి నానిన అంచు ఎడమ చక్రం కింద జారింది. స్టీరింగ్ పల్లం వైపు తిప్పాల్సింది, భయపడి మిట్ట వైపు తిప్పాను. జీపు ఎడమ పక్కకి మెల్లగా, చాలా మెల్లగా ఒరిగి పడుకుంది. నేను నా బెల్టులో వేలాడుతున్నాను. నాకు గీత కూడా పడలేదు. పక్క సీటు ఖాళీగా ఉంది. వదిన భుజం దాకా బయటికి జారిపోయింది. ఎడమ చెయ్యి ఆ గొట్టం కింద ఉంది.

అరవలేదు ఆవిడ. "నువ్వు బాగానే ఉన్నావా?" అని అడిగింది.

అందరూ పరిగెత్తుకొచ్చి జీపుని లేపారు. ఆవిణ్ణి కార్లో ఎక్కించాక మూర్తిగారు ఎడమ సీటు దగ్గర వంగి చూశారు. "పట్టీ తెగలేదు, లాక్ పగల్లేదు. అయ్యో, బెల్టు పెట్టుకోలేదండీ ఈవిడ," అన్నారు. నా వైపు చూసి అడగను కూడా లేదు. తనలో తను అనుకున్నట్టే అన్నారు. నేను మాట్లాడలేదు. అక్కడే మొదలైంది. మౌనంతో మొదలైంది కాబట్టి, అది అబద్ధం కాదని కొన్నిగంటలు నాకు నేను చెప్పుకున్నాను.

సాయంత్రం ఆసుపత్రిలో వదినకి తెలివొచ్చింది. మొదటి ఆపరేషన్ అయింది. మందుల మత్తులో ఉంది. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. కళ్ళు నా మీద నిలపడానికి కష్టపడుతూ అడిగింది.

"అమ్మాయీ, నేను బెల్టు పెట్టుకున్నాను కదూ?"

ఇదీ ఆ నిమిషం. ఆవిడ నన్ను నిందించడానికి అడగలేదు. తెలియక, నన్ను నమ్మి అడిగింది. నా దగ్గర ఒకటే జవాబు ఉండాలి.

"లేదు వదినా. పెట్టుకోలేదు."

"పెట్టుకున్నట్టే ఉందే నాకు..."

"మాటల్లో పడి మర్చిపోయారు వదినా."

ఆవిడ కుడిచెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుంది. "నా తెలివితక్కువతనానికి నువ్వెందుకే ఏడుస్తావు?" అంది.

మర్నాడు మా ఆయన వచ్చారు. ఆయన అక్క మంచం పక్కన కూర్చుని ఉండగా నేను కొత్త బెల్టు గుడ్డసంచీలో పెట్టుకుని, జీపు ఉంచిన షెడ్డుకి వెళ్ళి మార్పించాను. మెకానిక్ ఏమీ అడగలేదు. పాతది బందరు కాలువలో పడేశాను. అవును, అంత పనీ చేశాను. భయంతో అన్నది ఒక మాట. కానీ ఆలోచించుకుని, ఆటో ఎక్కి వెళ్ళి చేసింది కూడా భయమేనా? దానికి వేరే పేరు ఉండాలి.

వదిన ఎడమ చేతి వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. ఇంటికొచ్చాక ఏడాదిపాటు రోజూ పొద్దున కాలేజీకి వెళ్ళే ముందు నేనే ఆవిడ దగ్గరికి వెళ్ళి చీర కట్టేదాన్ని. మోకాళ్ళ మీద కూర్చుని కుచ్చిళ్ళు సర్దుతుంటే నా తల నిమిరేది. "నీ చేతులే నా చేతులైపోయాయి కదే," అనేది. నేను కుచ్చిళ్ళ వంకే చూసేదాన్ని. ప్రేమతోనే చేశాను ఆ సేవ. ప్రేమే. కానీ ఆవిడకి రావలసిన ఒక్క మాట ఎగ్గొట్టి దానికి బదులుగా ఎంత సేవ చేస్తే మాత్రం ఏం లాభం?

తర్వాత జరిగింది నేను ఊహించనిది. వదిన తన తప్పుని దాచుకోలేదు. చెయ్యని తప్పుని. కొట్టుకి వచ్చినవాళ్ళు చెయ్యి ఏమైందని అడిగితే, "బెల్టు పెట్టుకోలేదమ్మా, నా నిర్లక్ష్యం. మీ పిల్లలకి చెప్పండి," అనేది. జీపు మేం అమ్మేశాం. కానీ ఆవిడ మాత్రం మూర్తిగారికి ఫోన్ చేసి, ఆదివారాలు తనే క్వారీకి వెళ్ళడం మొదలుపెట్టింది. బళ్ళు బయల్దేరేచోట నిలబడి, ఒక్కొక్కరి బెల్టూ కుడిచేత్తో పట్టుకుని రెండుసార్లు గట్టిగా లాగి చూసి పంపేది. అక్కడి పిల్లలు ఆవిణ్ణి బెల్టు అత్తయ్య అంటారు. రెండు బళ్ళు బోల్తాపడ్డాయి ఆ తర్వాత. నలుగురూ దుమ్ము దులుపుకుని లేచారు. చూశావా, నీ అబద్ధం వల్ల మంచే జరిగిందని నాలో ఒకత్తి అనేది. ఆ ఒకత్తిని నేను చాలా ఏళ్ళు పోషించాను.

పోయిన నెలలో ఒక ఆదివారం మా అమ్మాయి స్నేహితుల జీపులో మొదటిసారి క్వారీకి వెళ్తానంది. పందొమ్మిదేళ్ళొచ్చాయి. కాదనలేక నేనూ వెళ్ళాను. వదిన దాని బెల్టు లాగి చూస్తూ అంది. "మీ అమ్మని చూసి నేర్చుకోవే. ఆ రోజు బెల్టు పెట్టుకోండి వదినా, పెట్టుకోండి వదినా అని అది చెప్తూనే ఉంది. నేను విన్లేదు."

నేనలా ఎప్పుడూ అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. తొమ్మిదేళ్ళు నా మాటని నమ్మి నమ్మి, ఆ నమ్మకానికి తగినట్టు ఒక జ్ఞాపకాన్ని తయారుచేసుకుంది. అందులో నేను మంచిదాన్ని. ఆవిడ చేతిని తీసుకున్నది చాలక, ఆవిడ జ్ఞాపకాన్ని కూడా తీసేసుకున్నానా?

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. నేను ఈనెలు తీస్తూ చెప్పడం మొదలుపెట్టాను, తీయడం ఎప్పుడు ఆపానో తెలియదు. లాక్ సంగతి, ఫోన్ సంగతి, కాలువ సంగతి, అన్నీ చెప్పాను. అంతా అయ్యాక ఆవిడ అడిగింది.

"అంటే నేను పెట్టుకున్నానా?"

"పెట్టుకున్నారు వదినా."

అప్పుడు ఏడ్చింది. చెయ్యి పోయినప్పుడు కూడా నేను చూడని ఏడుపు. "పెట్టుకున్నట్టే గుర్తుండేది మొదట్లో. నాకే మతి సరిగ్గా లేదనుకున్నా. ఇన్నేళ్ళూ నన్ను నేనే తిట్టుకున్నానే," అంది. నేను కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. "ఇంక వెళ్ళు," అంది. కోపంగా కాదు. అలిసిపోయిన గొంతుతో.

ఆ సాయంత్రమే మా ఆయనకీ చెప్పాను. ఆయన అక్క దగ్గరికి వెళ్ళొచ్చారు. అప్పటినుంచి నాతో అవసరమైన మాటలే. అన్నం పెడితే తింటారు. వదిన ఫోన్ చేయలేదు. నేను చేస్తే తియ్యలేదు. క్షమించమని అడిగే హక్కు నాకు ఉందని నేననుకోవడం లేదు, అందుకని ఇప్పుడు ఫోన్ చెయ్యడం కూడా మానేశాను.

నిన్న ఆదివారం మా అమ్మాయి క్వారీ నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటూ అంది. "అమ్మా, అత్తయ్య ఇవాళ కొత్తగా చెప్తోంది. ఆ రోజు తను బెల్టు పెట్టుకుందట. లాకే పాడైపోయి ఉందట. అందుకే లాగి చూడాలంటోంది అందరితో. పాడైందని ఎవరికీ తెలియదా అంటే మాత్రం ఏం చెప్పలేదు."

వదిన నా పేరు చెప్పలేదు. నన్ను కాపాడడానికో, నా పేరు ఎత్తడం ఇష్టంలేకో, నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

"నాకు తెలుసు," అన్నాను.

మా అమ్మాయి బూటు చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. దాని ముఖం మారడం చూశాను. చూపు తిప్పుకోలేదు నేను.

"కూర్చో," అన్నాను. "చెప్తాను."