తొడ ధమని మీద మా కోడలి పిడికిలి

మా చిన్నకోడలు కబేళాలో చేరిన రెండో ఏడు దున్నపోతు మెడలోని రెండు పెద్ద ధమనులనూ ఒక్క కోతతో తెంపింది. అంతకుముందు ఒక పోతు తన్నిన తన్నుకు ఆమె పక్కటెముక విరిగింది. ఆ కబేళాలో కోతకత్తి పట్టిన మొదటి ఆడది మా ఇంటి కోడలే!

మా ఊరిబళ్లో పంతులు బొమ్మ గీసి చెప్పిన పాఠాన్ని ఆమె చేత్తో నేర్చుకుంది. గుండె నుంచి బయలుదేరేది ధమని. గోడ మందం. తెగితే ఎర్రటి నెత్తురు గుండె కొట్టుకున్నప్పుడల్లా చిమ్ముతుంది. తిరిగి గుండెకు చేర్చేది సిర. తెగితే ముదురు నెత్తురు ధారగా కారుతుంది. రెంటినీ కలిపే వెంట్రుకకన్నా సన్నని నాళాలు తెగితే చెమటలా ఊరుతుంది, అంతే.

ఆమె తమ్ముడు అక్కడే తోలు తీసేవాడు. కిందటి వానాకాలంలో ఒకరోజు మేస్త్రి వాడిమీద విరుచుకుపడ్డాడు.

"తోలు తియ్యరా, లారీ వచ్చేసింది!"

"ఇంకా నెత్తురు కారుతోంది మేస్త్రీ. మాంసం కుళ్లితే మళ్లీ నన్నే తిడతావు."

"దానికేమైనా తమ్ముడివా, అంత జాలి?"

"ఆ వరస నీకే కుదురుతుంది. అదే మెడ, అదే మూతి!"

అందరూ ఘొల్లుమన్నారు. మేస్త్రి వాడి తొడలో కత్తి దించాడు.

మాంసంలో కత్తి వదలకూడదని కబేళాలో మొదటిరోజే నేర్పుతారు. వదిలితే పక్కవాడి చెయ్యి తెగుతుంది. ఆ అలవాటుకొద్దీ కోడలు పరుగున వచ్చి కత్తి లాగేసింది. అదే పొరపాటైంది. అంతవరకూ ధమనికి బిరడాలా ఉన్నది ఆ కత్తే. నెత్తురు ఎగిరి గోడకు కొట్టింది. ఆగి, మళ్లీ కొట్టింది.

"అక్కా, చలేస్తోందే..."

"నోర్మూసుకుని పడుకో! నువ్వు పోతే అమ్మకేం చెప్పుకోను?"

గాయంలోకి పిడికిలి దూర్చి ఎముకకేసి అదిమింది. మేస్త్రి ఇనుప కొక్కెంతో ఆమె వీపు చీరేశాడు.

"కత్తి ఇటివ్వవే, వాణ్ణి వదలను!"

మళ్లీ కొట్టాడు. పిడికిలి కదల్లేదు. కొక్కెం తలమీదికి లేచేసరికి ఆమె ఎడమచేతిలో ఉన్న ఆ కత్తితోనే అతని మోచేతి మడతలో పైపైన కోసింది. ముదురు నెత్తురు జారింది, కొక్కెం కిందపడింది.

"సిరే కోశాను, చావవులే! గుడ్డ కట్టుకుని ఆ మూల కూర్చో!"

ఆసుపత్రిలో డాక్టర్లు వచ్చి తీయమనేదాకా ఆమె చెయ్యి తీయలేదు. తమ్ముడు బతికాడు, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. మేస్త్రికి ఏడేళ్లు పడ్డాయి. వకీలు వద్దని సైగ చేస్తున్నా, "కావాలనే కోశానండీ, ఎక్కడ కొయ్యాలో చూసే కోశాను" అని జడ్జి ముందు తలెత్తి చెప్పిన మా కోడలికి ఆరు నెలలు. ఆమె ఇంటికి వచ్చేది మార్చి పదకొండున.