టార్చి ఆర్పి అడిగిన డాక్టరమ్మ

పొద్దున పూజకు నందివర్ధనం పూలు కోస్తుంటే తొడిమల్లోంచి పాలు కారి వేళ్ళకు జిగటగా అంటుకున్నాయి. ఆ జిగురు తగిలితే చాలు, నాకు డాక్టర్ కరుణమ్మ గారి కోపం గుర్తుకొస్తుంది. అరవైలలో ఆమె నరసరావుపేటలో కంటి ఆసుపత్రి నడిపేవారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. నాతో వాదనకు దిగి గెలిచినవాళ్ళు తక్కువ. వారిలో మొదటివారు ఆమె.

నేనప్పుడు బి.ఏ. చదువుతున్నాను. మా అమ్మమ్మకు ఒక కన్ను ఏనాడో పోయింది. రెండోదీ పోతే ఎవరో చెయ్యి పట్టుకుంటే తప్ప వాకిలి దాటలేనని ఆమె భయం. ఆ కంటికే కరుణమ్మ గారు శుక్లం ఆపరేషన్ చేసి, కట్టు ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పారు. గురజాల నుంచి చూడవచ్చిన మా పెద్దమ్మకు జాలి ఆగలేదు. మా వైపు కళ్ళు మండితే నందివర్ధనం పూలు పెట్టి చలవ చేయడం అలవాటు. ఎవరూ లేనప్పుడు కట్టు వదులు చేసి, లోపల రెండు పూలు పెట్టి, మళ్ళీ కట్టేసింది. కన్ను వాచింది, చీము పట్టింది.

"నేను చేసింది ఆపరేషను, మీరు చేసింది పూజ! ఏందమ్మా ఇది?" అని డాక్టరుగారు అరిచిన అరుపుకు వార్డంతా లేచి కూర్చుంది. అరిచారే గానీ, ఆ తర్వాత చీము కడగడం, మందు చుక్కలు వేయడం ఇంకొకరికి అప్పగించలేదు.

చీము తగ్గాక నేను వెంటపడ్డాను.

"చూపు వస్తుందా, రాదా? ఒక్కమాట చెప్పండి."

"ఒక్కమాట కావాలంటే సోదమ్మ దగ్గరికి పో. నేను చూసి చెప్పాలి."

చూడడమంటే చీకటి గదిలో టార్చి వేయడం. పైనుంచి, కిందనుంచి, రెండు పక్కలనుంచి వెలుగు వేసి, ఎటునుంచి వస్తోందో అడిగేవారు. అన్ని వైపులా చెప్పగలిగితే కంటి వెనక పొర బతికి ఉన్నట్టు. డాక్టరుగారు అడగడమే తడవుగా అమ్మమ్మ "పైన తల్లీ, ఇప్పుడు పక్కన" అంటుంటే నేను పొంగిపోయాను. కరుణమ్మ గారు టార్చి ఆర్పేసి, "ఇప్పుడో?" అన్నారు.

"ఎడంపక్కన. చానా బాగా కనపడతంది!" అంది అమ్మమ్మ, కారుచీకట్లో.

"ఏందవ్వా, నన్నే మోసం చేస్తన్నావా?"

"అంత పెద్ద డాక్టరమ్మవి, ఇంత కష్టపడి అడుగుతంటే కనపడలేదంటే ఏం బాగుంటది తల్లీ?"

ఆమె నవ్వి, మంచం మీద కూర్చుని అమ్మమ్మ చెయ్యి పట్టుకున్నారు. "నాకు మర్యాద వద్దవ్వా. కనపడంది కనపడలేదని చెప్పు. అదే నాకు సాయం."

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి అమ్మమ్మ ఆగి ఆగి చెప్పింది. "కింద ఉంది. ఈ పక్కా ఉంది, ఆ పక్కా ఉంది. ఇప్పుడు... ఏం లేదు తల్లీ." అప్పుడు టార్చి పైనుంచి వెలుగుతోంది.

బయటికొచ్చాక డాక్టరుగారు నాతో అన్నారు: "మనుషుల్ని పోల్చుకుంటుంది, తన దారిన తను నడుస్తుంది అనుకుంటున్నా. మిరపకాయల్లో తెల్లబారిన తాలు ఏరగలదా అంటే మాత్రం తెలీదు."

"తెలీదంటే ఎట్లా? మీరు డాక్టరు కదా!"

"డాక్టర్ని కాబట్టే తెలీదని చెప్పగలుగుతున్నా. పో, ఆమెకు జావ తాపించు."

ఆ వేసవికి సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని అమ్మమ్మ ఒక్కతే మిరప కళ్ళం దాకా నడిచి వెళ్ళింది. తాలుకాయలు ఏరలేకపోయింది. ఏరేవాళ్ళ పక్కన కూర్చుని అందరి మీదా అజమాయిషీ చేసేది.

ఇప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. "మా పిల్ల పాసవుద్దా మేడమ్?" అని తండ్రులు అడుగుతారు. ముందు ఆ పిల్లను కూర్చోబెట్టి, నా మొహం చూసి తలూపవద్దని, రానిది రాలేదని చెప్పమని అంటాను. తర్వాత తండ్రికి తెలిసినంతవరకు చెప్పి, తెలియనిచోట ఆగిపోతాను. నోటిదురుసు మనిషినని ఊళ్ళో పేరు. పిల్లలు మాత్రం తమకు రానివన్నీ నా దగ్గరికే తెచ్చుకుంటారు.