పత్తికట్టె కింద బొగ్గు

చిలకలూరిపేటలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాయన ముంజేతి నిండా పాత కాలిన మచ్చలు. కల్లాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటుకి నేను తుమ్ముతుంటే కాసేపు చూసి అడిగాడు.

"పోయినేడు మిరప ఫ్యాక్టరీకి వచ్చింది మీరేగా?"

నేనే. ఆ ఫ్యాక్టరీలో మిరపకాయల నుంచి నూనె తీస్తారు. బాయిలర్లో బొగ్గు కాల్చడం లేదనీ, పత్తికట్టె మాత్రమే వాడుతున్నారనీ చూసి నేను సంతకం పెడితేనే విదేశాల వాళ్లు సరుకు కొంటారు. భూమిని వేడెక్కించే పొగ అక్కడ తక్కువని రాసిచ్చాను.

"ఆ బాయిలర్ మంట నేనే చూసేవాణ్ణి. కుప్ప కింద ఏముందో మీకు చూపిద్దామని కట్టెలు లాగుతుంటే, 'కాస్త పక్కకి జరగవయ్యా, ఫొటోలో పడుతున్నావు' అన్నారు మీరు. మీ కారు గేటు దాటేలోపు నా పని పోయింది."

"నాకు తెలియదండీ."

"తెలుసుకోడానికేగా వచ్చింది!"

బస్సులో అందరూ ఇటు తిరిగారు. మార్టూరులో ఆయన లేచి, సంచిలోంచి బొగ్గుబెడ్డ తీసి నా తెల్లచొక్కా జేబులో కుక్కి, పైనుంచి అరచేత్తో గట్టిగా అదిమాడు.

"మీరెక్కడో ఒకచోట దొరక్కపోతారా అని ఏడాదిగా మోస్తున్నా. ఇక మీరు మొయ్యండి."

ఇంటికొచ్చి ఆ రిపోర్టు తీశాను. మొదటి పేజీలో పత్తికట్టె కుప్ప ముందు నవ్వుతూ నేను. ఫొటో అంచున కట్టెలు లాగుతూ మచ్చల చెయ్యి. దాని కింద నల్లగా, స్పష్టంగా బొగ్గు.