రెక్క గదిలో ఏసీ

అరబ్బు దేశంలో, సోహార్ అనే రేవు ఊళ్ళో నేను పనిచేసిన ఇంట్లో అందరికన్నా మర్యాదగా బతికింది ఒక విమానం రెక్క. విమానం కాదు, ఒక్క రెక్కే, అదీ సగం. కడప నుంచి నన్ను పంపిన ఏజెంటు వంట, బట్టలు, గచ్చు తుడవడం అన్నాడే గాని, రెక్కకు సేవ చేయాల్సి వస్తుందని మాటవరసకైనా చెప్పలేదు.

మా సార్ పోర్టులో ఇంజనీరు. ఆయనా మేడమూ కెనడా వాళ్ళు. కంపెనీ ఖర్చుతో ఇంటి సామాను తెచ్చుకోవచ్చంటే ఎవరైనా మంచాలూ బీరువాలూ తెచ్చుకుంటారు. ఈయన రెక్కను కంటైనర్లో పెట్టించి కాగితాల్లో ‘ఫర్నిచర్’ అని రాశాడు. అది హాల్లోకి వచ్చింది, సోఫా వరండాలోకి పోయింది. ఎవరైనా ఇంటికొస్తే మేడమ్ వరండాలోనే టీ ఇచ్చి, లోపల మా అత్తగారు పడుకుని ఉంది, ఆవిడకి చప్పుడు పడదు అనేది. నిజం అత్తగారికైతే ఎప్పుడో ఒకప్పుడు మెలకువ వస్తుంది, ఈ రెక్కకు అదీ లేదని కూడా అనేది.

రెక్క చరిత్ర నాకు కంఠతా వచ్చు, ఎందుకంటే ఆ ఇంట్లో కదలకుండా వినేదాన్ని నేనొక్కదాన్నే. కదిలితే జీతం పోతుంది. పెద్ద యుద్ధంలో పైలట్లకు రెండు ఇంజన్ల విమానం నడపడం నేర్పడానికి, లోహం ఆదా చేసి చెక్కతో కొన్నిటిని కట్టారట. సార్ వాళ్ళ నాన్న అలాంటిదాన్లోనే నేర్చుకున్నాడు. యుద్ధం అయిపోయాక వాటి అవసరమూ అయిపోయింది. కొన్నిటిని రైతులు కొనుక్కుని కోళ్ళను పెంచారు. కొన్ని సరుకులు మోస్తూ ఉత్తరాన మంచుదేశంలో చెరువుల పక్కన కూలాయి. లోపలి మనుషులు దిగి నడిచి వెళ్ళిపోయారు, విమానాన్ని మాత్రం ఎవరూ తీసుకుపోలేదు. వేటగాళ్ళు పైనున్న గుడ్డ చింపి గుడారానికి వాడుకున్నారు, చలేస్తే తలుపు పీకి మంట వేసుకున్నారు. గోడ మీద ఫొటోల్లో విమానాల కడుపులో నుంచి చెట్లు మొలిచి ఉండేవి. ఏటా లీవులో సార్ దోమలు పీక్కుతినే ఆ అడవుల్లో వాటిని వెతుక్కుంటూ తిరిగేవాడు. మిగతా ఇంజనీర్ల పెళ్ళాలు సెలవులకు సముద్రం చూడ్డానికి పోతే, మేడమ్ దోమతెర కట్టుకుని మొగుడి వెనక నడిచేది.

అట్లా దొరికిన రెక్క అది. అరవై ఏళ్ళు మంచులో పడి ఉన్నా ఏమీ కాలేదు, సోహార్‌కి వచ్చిన ఆరు నెలలకే అతుకులు విడవడం మొదలుపెట్టింది. వేడి పడక హాల్లో రాత్రింబవళ్ళు ఏసీ వేశాడు. ఏసీ గాల్లో తడిని లాగేసింది. ఆ తడి మళ్ళీ రావడానికి రెండు నీళ్ళ తొట్లు పెట్టించాడు. తడి ఎంతుందో చూపించే ముల్లొకటి గోడకు తగిలించాడు. అది రెండు ఎర్ర గీతల మధ్య ఉండాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి నేను చూసి కార్డులో రాయాలి. తెల్లారేసరికి అది రోజూ గీత కిందికి జారేది, సార్ మొహం దాంతోపాటే జారేది. రాయడానికి తప్ప ఆ గదిలో ఎవరూ అడుగు పెట్టకూడదని కూడా చెప్పాడు.

నా గది మేడమీద, నీళ్ళ ట్యాంకు పక్కన. రేకుల కప్పు, ఒక ఫ్యాను. ఫ్యాను ఆ వేడిని తిప్పి తిప్పి నా మీదే పోసేది. ఏసీ అడిగితే సార్ చాలా మర్యాదగా ‘వచ్చే నెల’ అన్నాడు. ఆయనకు వచ్చే నెలలు చాలా ఉండేవి. ఆ రెక్క ఎప్పుడో చచ్చిన విమానానిది, నేను ఇంకా బతికే ఉన్నాను. ఈ తేడా ఆ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తట్టలేదు.

రెండువేల ఎనిమిది జూన్‌లో ఆ రేకుల గదిలోనే పడిపోయాను. ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి చేతికి సెలైన్, పక్కన నర్సు. గోదావరి మనిషి, చర్చిలో శుక్రవారం ప్రార్థనకు అప్పుడప్పుడూ కనపడే అక్క.

“యాడ పండుకుంటున్నావే చెల్లీ నువ్వు?” అంది నా యాసను వెక్కిరిస్తూ. చెప్పాను. వెక్కిరింత ఆగిపోయింది.

“ఇంకోసారి ఆ గదిలో పడుకున్నావంటే ఈసారి నా వార్డుకి రావు. తిన్నగా పెట్టెలో పెట్టి కడప పంపేత్తారు. అర్థమైందా?”

“ఏం జేసేది అక్కా, ఇంగా ఏడాది కాంట్రాక్టు ఉండాది. ఆయప్పను ఎట్ల అడిగేది మళ్ళా?”

నాకు భయం వేసింది. వేడికి కాదు, పెట్టె అన్న మాటకి.

జూలైలో సార్, మేడమ్ మూడు వారాలు ఉత్తరానికి పోయారు. వాళ్ళ కారు సందు మలుపు తిరిగిందో లేదో, నా చాప మేడ దిగింది. రెక్క కింద పరుచుకున్నాను. కడపలో ఎండాకాలం పక్కన తడిచీర ఆరేసుకోకుండా పడుకున్నది లేదు. ఏసీ ఉన్నా అలవాటు పోలేదు. ఉతికిన చీరను రెండు కుర్చీలకు కట్టి దాని పక్కన పడుకున్నాను. మధ్యాహ్నాలు కూడా అక్కడే. పైకి చూస్తే సన్నటి చెక్కముక్కలు పక్కటెముకల్లా వరుసగా ఉండేవి. ఎంత పనితనమో అప్పుడే చూశాను. ఎవరు చేశారో గాని ఒళ్ళు దాచుకోకుండా చేశారు. కార్డు మాత్రం నిజాయితీగా రాశాను, ముల్లు గీతల మధ్య నుంచి కదల్లేదు.

వాళ్ళు వచ్చే రోజు చాప పైకి పోయింది. సార్ బూట్లు విప్పకుండానే కార్డు చూశాడు. మూడు వారాల తెల్లవారుజాములన్నీ గీతల మధ్యే! ఏం చేశావని అడిగాడు. తొట్లు నిండా నీళ్ళు పోశానన్నాను. ఆ సాయంత్రం ఇంకో రెండు తొట్లు తెచ్చాడు. పొద్దునకు ముల్లు కిందే. మర్నాడు ఆరు తొట్లు. ముల్లు కిందే. గది నడవడానికి లేకుండా అయింది. నేను మూడు రోజులుగా మళ్ళీ రేకుల కింద. మూడోరోజు ఉల్లిపాయలు తరుగుతుంటే కళ్ళు బైర్లు కమ్మాయి, గట్టు పట్టుకుని నిలబడ్డాను. సార్ అప్పుడే వచ్చి మళ్ళీ అడిగాడు.

ఇక దాచడానికి ఓపిక లేకపోయింది. వీసా క్యాన్సిల్ అయితే అయింది, పెట్టెలో కాకుండా సీట్లో కూర్చుని పోతాను కదా అనుకుని, వచ్చిన ఇంగ్లీషూ రాని హిందీ కలిపి చెప్పేశాను. అక్కడ పడుకున్నాను సార్, పక్కన చీర ఆరేశాను.

ఆయనకు కోపం రాలేదు. మొహం వెలిగిపోయింది. కాగితం తీసుకుని లెక్కలు వేశాడు. మనిషి రాత్రంతా ఊపిరిలో ఇన్ని నీళ్ళు వదులుతుంది, చెమటలో ఇన్ని, చీరలో ఇన్ని. చీర ఒక్కటీ చాలు కదా అని మేడమ్ అంది. ఆ సంగతి నాకూ తెలుసు, ఉల్లిపాయలు తరుగుతూనే ఉన్నాను. పనిచేస్తున్న దాన్ని కదపకూడదు, అది ఇంజనీర్ల పద్ధతి అన్నాడు సార్. ఆ పద్ధతికి మనసులో దండం పెట్టుకున్నాను.

సాయంత్రానికి హాలు తలుపు మీద కొత్త కాగితం అంటించాడు. చదివి మేడమ్ తల తిప్పుకుని లోపలికి పోయింది. నేను కూడబలుక్కుని చదివాను. నీళ్ళ తొట్లు, రెండు. తడిబట్ట, ఒకటి. పనిమనిషి, ఒకటి, రాత్రి పది నుంచి పొద్దున ఐదు వరకు.

నర్సక్క ఫోన్ చేసింది. “అయితే ఏసీ గది ఇచ్చేడన్నమాట. మంచోడేనే మీ దొర.”

“మంచోడే అక్కా. రెక్కంటే పానం ఆయప్పకు.”

ఆ రాత్రి చాప పరుచుకుని రెక్క కింద పడుకున్నప్పుడు, తొట్టికీ గుడ్డకీ కింద నన్ను రాసినందుకు ఒళ్ళు మండింది. లేచి ఆ కాగితం చింపి ఆయన చేతిలో పెడదామనుకున్నాను. చల్లగాలి తగిలింది, అనుకుంటూనే నిద్రపోయాను. ఆ ఇంట్లో నేనంత హాయిగా ఎప్పుడూ నిద్రపోలేదు. సార్ మీద కోపం ఎప్పుడో పోయింది. ఆ నిద్ర పట్టినందుకు నా మీద నాకున్న కోపం మాత్రం ఇంకా పోలేదు.